ముల్లు తీయనక్కర్లేని చేప

తిరువూరు,
22-4-1974, సోమవారం.

నాగసాకి పట్టణంలో ముసలివారికి అన్నం తినిపించు పుణ్యకార్యమందు నిమగ్నురాలైన సిస్టర్ ప్రేమావతి అమ్మగారి సముఖమునకు, అనగా మా ప్రేమక్కకు,

తమ్ముడు జోజప్ప రెండు చేతులు జోడించి చేయు స్తోత్రములు. తల్లికి, అత్తకి, పెళ్ళానికి ఎలా సంబోధించి రాయాలో మన పెద్దలు ఏర్పాటు చేసి పోయారు గానీ, చిన్నప్పుడు నా జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టి ఇప్పుడు కన్యాస్త్రీ అయిన అక్కకి ఏమని రాయాలో ఎవరూ చెప్పలేదు. బి.ఏ.లో కూడా లేదు. తప్పులుంటే క్షమించగలవు. క్షమించడం ఇప్పుడు నీ ఉద్యోగం కూడాను.

ఇక్కడ అమ్మ, నేను, రెండు గేదెలు, ఈస్టరు పండక్కి కూడా కత్తిని తప్పించుకున్న మన ఎర్రపుంజు, ఏసునాథుని దయవల్ల బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు, మీ మదర్ గారు, నీ చేతి ముద్ద కోసం నోరు తెరుచుకు కూర్చునే తాతలు, అవ్వలు అందరూ సుఖంగా ఉన్నారని నమ్ముతున్నాను.

నీ ఉత్తరంలో నాలుగు ప్రశ్నలున్నాయి. తెలిసిన జవాబులు ముందు రాసేసి, కష్టమైనది అదనపు కాగితం అడిగి చివర్లో రాయడం పరీక్షల్లో నా పద్ధతి. ఆ పద్ధతిలోనే సెకండ్ క్లాసులో పాసయ్యాను కాబట్టి ఇక్కడా మార్చదలుచుకోలేదు.

మొదటిది, అమ్మ మోకాళ్ళు. గుళ్ళో మోకరించేటప్పుడు నొప్పి. మేరమ్మత్త ఇంటికి కబుర్లకు పోయేటప్పుడు లేదు. వైద్యశాస్త్రానికి అందని జబ్బు.

రెండోది, నా ఉద్యోగం. ప్రభుత్వం వారికీ నాకూ మధ్య రాతకోతలు జరుగుతున్నాయి. రాత నాది. ఈ లోపల సుందరరాజు సార్ టైపు ఇన్‌స్టిట్యూట్‌లో లోయరు పూర్తి చేసి హయ్యరులో చేరాను.

మూడోది: నువ్వు పంపిన పొట్లం అందిందా, అందులో ఉన్న చేపతో మీ మఠంలో పండగనాడు వండుకునే అన్నం వండానా, అసలు అమ్మ చేప తినడం ఎందుకు మానేసింది అని.

నాలుగోది: "మాటపట్టు సంగతి అమ్మకు చెప్పానన్నావు. ఆగస్టు పదిహేనున, జన్మంతా కన్యాస్త్రీగానే ఉంటానని దేవుడి ముందు ప్రమాణం చేసి నిత్య మాటపట్టు తీసుకుంటే ఇక బతికినంతకాలం ఇక్కడే కదా. ఆ మాట విని అమ్మ ఏమంది? దీవెన ఇస్తుందా?" అని. దీనికి మార్కులెక్కువ. చివర రాస్తాను.

పొట్లం ఈస్టరు ముందరి ఉపవాసాలకు మునుపే అందింది. సెలవు మీద వచ్చిన మీ రిబ్కా సిస్టర్ గారు బెజవాడ మఠానికి పిలిపించి నా చేతిలో పెట్టారు. అందులో సాల్మన్ చేప డబ్బా ఒకటి, నల్లటి పల్చటి కాగితాల కట్ట ఒకటి, నువ్వు రాసిన వంట విధానం ఒకటి. విధానం ముందు చదవాల్సింది. నేను కాగితాలు ముందు చూశాను. చదువుకున్నవాడి బుర్ర కదా, తిరువూరు బస్సు ఎక్కేలోపే తేల్చేసింది: అక్క నా టైపు చదువు గుర్తుంచుకుని జపాన్ కార్బన్ పేపరు పంపింది!

మర్నాడు ఇన్‌స్టిట్యూట్‌లో రెండు తెల్లకాగితాల మధ్య దాన్ని పెట్టి ఉద్యోగానికి దరఖాస్తు టైపు చేశాను. పైకాగితం మీద అక్షరాలు పడ్డాయి. కిందకాగితం నిష్కళంక మాతలా ఉంది. సుందరరాజు సార్ వచ్చి ఆ నల్లకాగితం లాగి, వెలుతురులో పట్టి చూసి, వాసన చూసి, "ఇదేం కంపెనీ కార్బనయ్యా, చేపల బుట్ట వాసనొస్తోంది?" అన్నారు. అప్పుడు నీ విధానం తీసి చదివితే తెలిసింది, అది సముద్రపు నాచును ఎండబెట్టి చేసిన అప్పడం అని. దరఖాస్తు అచ్చులు గుద్దిన ఆ అప్పడాన్ని అక్కడే తిన్నాను. బావుంది.

ఇక అమ్మ చేప మానేసిన సంగతి. ఇది నీకు రాయొద్దని అమ్మ ఆజ్ఞ. మేరమ్మత్త ఎలాగూ ఎవరిచేతో నీకు సగం రాయించేసింది కాబట్టి మిగతా సగం నేను రాస్తాను.

నువ్వు ఊరు విడిచిన రోజు గుర్తుందిగా. అమ్మ కొరమీను పులుసు పెట్టింది. నీ పళ్ళెం ముందు కూర్చుని, నీకు ఇరవై రెండేళ్ళొచ్చినా సరే, ముక్కల్లో ముళ్ళు వేలితో వెతికి వెతికి తీసి, తీసిన ముక్కలు పళ్ళెం అంచున పేరుస్తోంది. ఈ ఇంట్లో ముల్లు తీసిన మొదటి ముక్క ఎప్పుడూ నీదే. నేను మగపిల్లాణ్ణి, మింగినా అరుగుతుందని అమ్మ నమ్మకం. అంతలో నిన్ను తీసుకెళ్ళడానికొచ్చిన సిస్టర్ గారు, "అమ్మాయ్, బస్సు కదిలేలా ఉంది" అన్నారు. నువ్వు చెయ్యి కడుక్కోవడానికి కూడా లేదు, అసలు పళ్ళెంలో చెయ్యే పెట్టలేదు కాబట్టి. లేచి వెళ్ళిపోయావు.

నువ్వు చూడనిది ఇది. మేం బస్‌స్టాండు నుంచి తిరిగొచ్చేసరికి పళ్ళెం అలాగే ఉంది. ముక్కల మీద ఈగలు. అమ్మ ఆ పళ్ళెం పెరట్లోకి పట్టుకుపోయి చాలాసేపు రాలేదు. ఆ ఫిబ్రవరిలో గుణదల తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు కొండమీద మాత ముందు మొక్కుకుంది: "నా బిడ్డ నా చేతి చేప తినేదాకా నేను చేప ముట్టను తల్లీ" అని. ఐదేళ్ళు నువ్వు అక్కడ పనిచేసి తిరిగి బెజవాడ మఠానికి వచ్చేస్తావని అప్పుడు అందరం అనుకున్నాం. ఐదేళ్ళేగా అనుకుంది. చేపంటే ప్రాణం పెట్టే మనిషి ఇప్పటికీ నాకు వండి పెడుతుంది, తను పచ్చడి మెతుకులు తింటుంది.

ఇందుకే అక్కా, నీ విధానం చదివిన రోజే ఒక నిర్ణయానికి వచ్చాను. ఈ అన్నం వండి తీరాలి, ఈస్టరు తర్వాతి ఆదివారం పూజ అయ్యాక అమ్మ ముందు పెట్టి తీరాలి. నేను పొయ్యి దగ్గరకు పోవడం అగ్గిపెట్టె కోసం తప్ప ఎరగను. అయినా సరే.

"బియ్యం జిగురుగా ఉండాలి" అన్నావు. ఈ ఏడు పండిన బియ్యం అడిగాను. "అది ముద్దయిపోద్ది, గేదెల కుడితిలో వేద్దామని తీసిపెట్టా" అంది అమ్మ. "ముద్దవ్వాలనేనమ్మా." "జపానోళ్ళు ముద్దన్నం తింటారా? ప్రేమని అంత దూరం పంపింది అందుకా?" ఇది మొదటి వాయిదా మాత్రమే.

తర్వాత వెనిగరు. హనుమయ్య కొట్టుకు వెళ్ళి అడిగితే, "అది బల్లులకా, బొద్దింకలకా బాబూ?" అన్నాడు. అన్నంలోకి అన్నాను. అప్పటినుంచి అమ్మ ఒక్కతే కొట్టుకు వెళ్ళినప్పుడు "అబ్బాయికి ఎట్టా ఉందమ్మా" అని అడుగుతున్నాడట. బెజవాడ వెళ్ళి తెద్దామా అనుకుంటుండగా మన గుడి విచారణ గురువులు, ఫాదర్ గారు, గుర్తొచ్చారు. ఇటలీ మనిషి, వాళ్ళ దేశంలో ఆకుల మీద కూడా పోసుకుంటారని ఒకసారి చెప్పారు. వెళ్ళి అడిగితే ఆయన బీరువా వెనక నుంచి ఒక సీసా తీశారు. పూజకు తెప్పించిన ద్రాక్షరసం, ఎండలకు పులిసిపోయింది.

"ఇది ఇక పూజకు పనికిరాదు, జోజప్పా. పారబోయుటకు నాకు మనసు రాలేదు. తీసుకొనుము" అని, నేను సీసా చంకలో పెట్టుకోగానే, "మీ అమ్మగారి కొరకేనా?" అన్నారు. అవునన్నాను. ఆయన బీరువా తలుపు మూసి అన్నారు: "వంట చేయుము. కాని మొక్కు ఆమెది. నీవు మోసముతో తినిపించిన యెడల, ఆమె మొక్కు తప్పినట్టు కాదు, నీవు దొంగిలించినట్టు."

ఆయన పుస్తకాల తెలుగుకు ఎప్పుడూ లోపల్లోపల నవ్వుకుంటాను. ఆ రోజు నవ్వు రాలేదు.

ఇంటికొచ్చి సీసా బల్ల మీద పెడితే అమ్మ మూత తీసి వాసన చూసి, వెంటనే మూసేసింది.

"ఇది పులిసిన ద్రాక్షరసం కదరా. మొన్న శుక్రవారమేగా గుళ్ళో చదివారు. దాహమన్న స్వామి నోటికి అందించింది ఇదే."

"అవునమ్మా."

"దీన్ని అన్నంలో పోస్తారా? మంచోళ్ళేనా వాళ్ళు?"

"చక్కెర కూడా వేస్తారమ్మా."

"చక్కెరేస్తే పాపం పోద్దా?"

ఈ ప్రశ్నకు బదులు రోములో చదివిన వేదశాస్త్రులే చెప్పాలి. నేను మాత్రం, "ఇదే పులుపన్నం అక్క అక్కడ పండగనాడు తింటుందమ్మా" అన్నాను. అమ్మ ఆ సీసాను తనే తీసుకెళ్ళి ఉట్టి మీద, పిల్లికి అందకుండా పెట్టింది.

నిన్న ఆదివారం. పూజ నుంచి రాగానే నడుముకు తుండు బిగించి రంగంలోకి దిగాను. అన్నం వండాను. నువ్వు చెప్పిన కొయ్య తొట్టి మనకెక్కడిది, కొత్త చేటలో అరిటాకు పరిచి దానిమీద గుమ్మరించాను. ద్రాక్షరసంలో చక్కెర, ఉప్పు కరిగించి పోస్తూ కలపడం మొదలెట్టాను. అది ఎర్రటిది కాబట్టి అన్నం గులాబీ రంగు తిరిగింది. కలిపేటప్పుడు విసరాలన్నావు. తాటాకు విసనకర్ర అమ్మ చేతికిచ్చాను.

"అన్నానికి విసురుతార్రా ఎవరైనా? జొరమొచ్చినోళ్ళకి విసురుతారు."

"నీ కూతురు రాసింది."

విసిరింది. గోడవతల నుంచి మేరమ్మత్త తొంగి చూసి, "అంతోనమ్మా, అన్నానికి ఉక్కపోసిందా?" అంది. "నువ్వు పోవే" అంది అమ్మ, విసరడం ఆపకుండా.

గుడ్డు పల్చగా అట్టు పోసి, చుట్టి, సన్నగా దారాల్లా కోశాను. మొదటిది మాడింది, రెండోది పొయ్యిలో పడింది, మూడోదానికి పెట్ట మీద జాలేసి జాగ్రత్త పడ్డాను. దోసకాయ ముక్కలు. నువ్వులు వేయించాను. అల్లం ఊరగాయ అన్నావు, దానికి బదులు లేత మామిడికాయ తరిగాను. మన ఊళ్ళో ఏప్రిల్లో మామిడికాయ లేని పళ్ళెం చట్టవిరుద్ధం. నల్ల అప్పడాలను కత్తెరతో కత్తిరించాను. చివరికి సాల్మన్ డబ్బా. మనింట్లో డబ్బా కోసే సాధనం లేదు. కొడవలి మొనతో గుచ్చి తెరిచాను, బొటనవేలు కొంచెం అర్పించుకున్నాను.

"కలపకూడదు, పైన చల్లాలి" అని రెండుసార్లు గీత గీసి రాశావు. చల్లాను. బతికున్నప్పుడు నాన్న పొలంలో విత్తనం వెదజల్లే తీరు గుర్తు తెచ్చుకుని, కొంచెం వంగి, చెయ్యి తిప్పి చల్లాను. గులాబీ అన్నం మీద పసుపుపచ్చ గుడ్డు, ఆకుపచ్చ ముక్కలు, నల్ల చుక్కలు, నడుమ నారింజరంగు చేప. అక్కా, నిజంగా చాలా అందంగా ఉంది. అమ్మ కూడా చేట చుట్టూ తిరిగి చూసింది. తర్వాత, "క్రిస్మస్ పశువుల పాక చేసినట్టు చేశావురా" అంది. నా జీవితంలో నాకొచ్చిన అతి పెద్ద బిరుదు ఇదే.

ఇప్పుడు అదనపు కాగితం తీసుకుంటున్నాను.

ఫిబ్రవరిలో నీకు ఒక వాక్యం రాశాను: "మాటపట్టు సంగతి అమ్మకు చెప్పాను, నెమ్మదిగా విన్నది." ఆ వాక్యంలో అంతా బాగానే ఉంది, నిజం ఒక్కటే లేదు. నేను చెప్పలేదక్కా. చెబుదామని వెళ్ళిన ప్రతిసారీ అమ్మ ఏదో ఒకటి చేస్తూ కనిపించేది. ఒకసారి నీ పెట్టె ఎండకు పెడుతోంది. ఒకసారి, "ప్రేమ వచ్చేసరికి ఈ దూడ పాలకొస్తది" అంటోంది. కాలేజీలో వక్తృత్వానికి కప్పు తెచ్చిన నోరు, ఆ మాట దగ్గర పెగల్లేదు. నవ్వించడానికి పనికొచ్చినంతగా ఆ నోరు దేనికీ పనికిరాదని తెలిసింది.

అందుకే ఈ వంట. చేప ముందు పెట్టుకుని చెప్పాలనుకున్నాను. కానీ ఎప్పుడు? తిన్నాక చెబితే, నువ్వు వస్తావన్న ఆశతో తిన్నట్టవుతుంది, గురువులు అన్న దొంగతనం అదే. ముందు చెబితే, ఈ జన్మలో ఇక ముట్టదేమో. అన్నం కలుపుతున్నంతసేపూ ఇదే ఆలోచన. చివరికి, ముందే చెప్పాలని నిశ్చయించుకున్నాను. అమ్మ తినకపోతే డబ్బా నష్టం, అంతే. దొంగతనం మాత్రం ఈ ఇంట్లో నా వల్ల జరగకూడదు.

పళ్ళెం అమ్మ ముందు పెట్టాను. ఆమె చేప ముక్క ఒకటి అంచుకు లాక్కుంది.

"అమ్మా, తినకముందు ఒక మాట. అక్క ఇక..."

"రాదు" అంది.

 "ఎవరు చెప్పారు? రిబ్కా సిస్టర్ గారా?"

"చేప చెప్పింది. వచ్చే పిల్లయితే చేపని ముందు పంపుద్దంట్రా? తనే తెచ్చుకుద్ది. నువ్వు బెజవాడ నుంచి ఆ డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టినప్పుడే తెలిసింది. నువ్వెప్పుడు నోరు తెరుస్తావా అని చూస్తన్నా. నాలుగు ఊళ్ళకి సరిపడా మాట్లాడతావు, ఇంట్లో ఒక్క మాట చెప్పలేకపోయావు."

"మరి... కోపం రాలేదా?"

"వచ్చింది. ఆ దేవుడితోనే పోట్లాడాను, నీతో ఏంటి? ఈస్టరు ముందర నలభై రోజులూ పోట్లాడా. ఇప్పుడు ఓపిక లేదు." మళ్ళీ తనే అంది, "ఆమెకి మాటుంది, నాకు మొక్కుంది. మాటివ్వడం ఎట్టాంటిదో నాకు తెలవదా?"

మాట్లాడుతూనే ఉంది, వేళ్ళు మాత్రం ఆగలేదు. ఆ ముక్కలో ముల్లు వెతుకుతున్నాయి. అలవాటు. ఒక నడిముల్లు దొరికింది, పట్టుకు లాగింది. అది సుద్దముక్కలా వేళ్ళ మధ్య పిండి అయిపోయింది. ఇంకోటి లాగింది, అదీ అంతే. డబ్బాలో ఉడికి ఉడికి మెత్తబడిపోయాయి. అమ్మ వేళ్ళ వంక చూసుకుంది.

"ఇదేం చేపరా, ముల్లు కూడా నలిగిపోతంది."

"ముల్లుతో సహా తినెయ్యొచ్చమ్మా."

"ముల్లు తీసేవాళ్ళు దగ్గర లేనోళ్ళ కోసం చేసినట్టున్నారు" అంది.

నా దగ్గర జోకు లేదక్కా. నేను ఉత్తరం నిండా ఎన్ని వేసినా, అక్కడ ఒక్కటి కూడా లేదు.

పిండైన ముళ్ళన్నీ అయినా ఏరి పారేసింది. అన్నం, చేప కలిపి ముద్ద చేసింది. చేతిలో పట్టుకుని ఇటూ అటూ చూసి, నా నోట్లో పెట్టింది. ఇరవై మూడేళ్ళకు ఈ ఇంట్లో ముల్లు తీసిన మొదటి ముద్ద నాకు దక్కింది. నువ్వు సముద్రాలు దాటితే గానీ దక్కలేదు. రుచి చెప్పమంటావా? పుల్లగా, తియ్యగా, కొంచెం ఉప్పగా. ఉప్పు చేపదో నాదో తెలీదు.

అమ్మ చేప తినలేదు. చేప లేని పక్క నుంచి నాలుగు ముద్దలు అన్నం తిని, "తాలింపు మర్చిపోయారు పాపం" అని తీర్పిచ్చింది. మిగిలింది మేరమ్మత్త వచ్చి పూర్తిచేసింది, పళ్ళెంతో సహా మెచ్చుకుంది.

చెయ్యి కడుక్కుని వచ్చి అమ్మ తన మొక్కు విప్పింది. ఇప్పుడు రాసేది ఆమె మాటలే, నువ్వు మీ మదర్ గారికి కూడా వినిపించు.

"నేను మొక్కింది బిడ్డ తిరిగొచ్చేదాకా అని కాదు. నా చేతి చేప తినేదాకా అని. అది రాలేకపోతే చేపే పోద్ది. ఆ రిబ్కా సిస్టరమ్మ వచ్చే వారం జపాన్ వెళ్తందిగా, కొరమీను పచ్చడి పెట్టి ఇస్తా. మాటపట్టు రోజున, ఆ పులుపన్నం పక్కన పెట్టుకుని తినమను. ముళ్ళు అన్నీ తీసే పెడతా, భయం లేదు. అక్కడ పొద్దు మనకంటే ముందు పొడుస్తదన్నావుగా? అయితే అది తిన్నాకే నేను తింటా. మొక్కు తీరినట్టే. ఇంకో డబ్బా పంపమను."

నేను గురువుల దగ్గరకు పరుగెత్తి ఇది చెల్లుతుందా అని అడిగాను. ఆయన "మీ అమ్మగారు రోము నగరములో ఉండదగినవారు" అన్నారు. చెల్లుతుందన్నమాట.

కాబట్టి అక్కా, ఆగస్టు పదిహేనున నీ పని ఇది. నీ మాట దేవుడికిచ్చెయ్. తర్వాత అమ్మ పచ్చడి తిను. నీకు మధ్యాహ్నం అయినప్పుడు ఇక్కడ ఇంకా పొద్దు ఎక్కుతూ ఉంటుంది, మేం వండుకోవడానికి వ్యవధి ఉంటుంది. ఈసారి గుడ్డు మాడదు. డబ్బా కోసే సాధనం కూడా సంపాదిస్తాను. తాలింపు ఒక్కటే అమ్మ చేత వేయించకుండా ఆపగలనో లేదో హామీ ఇవ్వలేను.

ఇదంతా రాస్తుండగా పెనుగొలను నుంచి తెప్పించిన కొరమీను వేయించి, నూనె చేతులతోనే అమ్మ నా భుజం దగ్గరకొచ్చింది.

"దీవెన రాశావా?"

"ఏమని రాయమంటావు?"

"రాసేదేంట్రా, దీవెన నుదుటి మీద పెట్టేది. ఈ కాగితంలో దాని నుదురెక్కడ?"

 మొదటి కాగితం తీసి, పైన నీ పేరు రాసిన చోటు చూపించాను. "ఇక్కడ" అన్నాను.

కవరు విప్పగానే నీ పేరు మీద నూనె మరక చూసి, తమ్ముడికి ఇంకా శుభ్రత అబ్బలేదని అనుకుని ఉంటావు. అది నా పని కాదు. ఇంకోసారి కాగితం మొదటికి తిప్పి చూడు. నిలువుగా ఒక గీత ఉంటుంది, అడ్డంగా ఒకటి.

ఇట్లు,
అమ్మ చేతి మొదటి ముద్ద తిన్న గర్వంతో,
నీ తమ్ముడు,
జోజప్ప